కదలని బొమ్మలకు కారణమెవరు?

మన దేశమున ముద్రణచిత్రములను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. అందలి మనుష్యులు మనుష్యులవలె లేరనునది మొదటిది. చేయి మూరెడు సాగినదనియు, తల చింతగింజంత యున్నదనియు, ముఖమున కన్ను ముక్కు కానరావనియు, ఇట్టి వికారమును కళయని యేల నమ్మవలయుననియు పెద్దలడుగుచున్నారు. చేతిలోని ఫోనులో బొమ్మలు కదలుచుండగా, కాగితముపై కదలినట్లు భ్రమ గొల్పుటకింత శ్రమ యెందుకనునది రెండవది. అచ్చు వేసినది నకలే గాని మూలము గాదు గనుక దానికి విలువ యేమనునది మూడవది. ఈ మూడింటిని మేము తిరస్కరించుచున్నాము. అంతతో నూరకుండక, వీనికి చోటిచ్చిన చిత్రకారులను, వారిని వెనుకముందు చూడక మెచ్చుకొను రసికులను గూడ ప్రశ్నింపదలచినాము. ఏలయన, శైలి యను పేర నేడు మన గోడలపై వ్రేలాడుచున్న బొమ్మలలో ననేకములు నిజముగనే కదలవు. ఆక్షేపించువారు కారణము తప్పు చెప్పుచున్నారు గాని, వారి కన్ను పూర్తిగా తప్పు చూచుటలేదు.

మొదట మొదటి ఆక్షేపణ. ఉన్నదున్నట్లు వ్రాసిన బొమ్మయే సత్యమైన బొమ్మయనియు, సత్యమైన బొమ్మలోనే చలన ముండుననియు లోకమున నొక నమ్మకము పాతుకొనియున్నది. ఈ నమ్మకమును పరీక్షించినది ఛాయాగ్రహణయంత్రమే. 1821వ సంవత్సరమున ఫ్రెంచి చిత్రకారుడు జెరికో ఎప్సమ్ గుఱ్ఱపుపందెమును వ్రాసెను. అందలి గుఱ్ఱములు ముందుకాళ్లు ముందునకు, వెనుకకాళ్లు వెనుకకు చాచి గాలిలో తేలుచున్నవి. 1878వ సంవత్సరమున కాలిఫోర్నియాలో మైబ్రిడ్జి వరుసగా కెమెరాలు నిలిపి పరుగెత్తు గుఱ్ఱమును పట్టుకొనగా, ఏ గుఱ్ఱమును ఏ క్షణమందును అట్లు పరుగెత్తదని తేలినది. నాలుగు కాళ్లును నేలను విడిచిన క్షణమున అవి చాచుకొనియుండవు, పొట్టక్రింద ముడుచుకొనియుండును. చిత్రకారుడు బొంకెను, యంత్రము నిజము పలికెనని పలువురు చంకలు గొట్టుకొనిరి. కాని ఆ ఛాయాచిత్రములలో నొక్కదానిని వేఱుచేసి చూచినవారికి గుఱ్ఱము పరుగెత్తుచున్నట్లు తోచదు. ఎవరో దానిని గాలిలో నిలువున కట్టివేసినట్లు తోచును. 1911వ సంవత్సరమున ప్రచురితమైన సంభాషణలలో శిల్పియైన రొదాఁ ఈ సంగతినే యెత్తి, కాల మాగదు గనుక కాలము నాపివైచిన యంత్రమే అసత్యము పలుకునని వాదించెను. వేఱువేఱు క్షణములను ఒకే దేహమున కూర్చినపుడే చూపరికి చలనము స్ఫురించును. ఆ కూర్పునకై ఒక అవయవమును సాగదీయక, మఱియొకదానిని కుదింపక తీరదు. అనగా, మీరు వికారమనుచున్నది చలనమునకు చెల్లించిన మూల్యము.

ఇది పాశ్చాత్యులు నేర్పిన క్రొత్త విద్యయని యెవరైన అనినచో, వారిని మేము అమరావతికి తీసికొనిపోవుదుము. చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్న అమరావతి ఫలకములలో నలగిరి యను మదగజము కథ గల వర్తులఫలక మొకటి కలదు. అందొకే వీథిలో ఒకే ఏనుగు రెండుమారులు కనబడును. ఒకచోట జనమును త్రొక్కుచు విజృంభించుచున్నది. ప్రక్కనే బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. ఏనుగు లెన్నియని లెక్కపెట్టువానికి రెండు, చూడనేర్చినవానికి ఒక్కటే. ఆ రెంటి నడుమనున్న కాలమును మన కన్ను నడచి దాటుచున్నది. ఇంకొక నిదర్శనము మన తోలుబొమ్మ. దాని కన్ను చేరడేసి, నడుము పిడికెడు, చేతులు మోకాళ్లకు దిగియుండును. వేయిమంది ప్రేక్షకులలో నొక్కడైనను ఇది మనిషివలె లేదని లేచిపోయినట్లు మే మెఱుగము. ఆ ఆకృతి తెఱపై కదలుటకొఱకే కోయబడినదని పల్లెవాని కన్నునకు తెలియును. పల్లెవానికి తెలిసిన యీ సంగతి పట్టభద్రునకు తెలియకుండుటకు కారణము, ఇరువది యేండ్ల చదువులో నాతనికొక్క బొమ్మనైన చూచుట యెట్లో చెప్పినవారు లేకపోవుటయే.

ఇక ముద్రణచిత్రమునకును ఈ శైలికిని గల సంబంధమును విచారింతము. కుంచె పట్టినవాడు సందేహింపవచ్చును. రంగుపై రంగు వేసి దిద్దుకొనవచ్చును. ఉలి పట్టినవాని కా సదుపాయము లేదు. అవిసెనూనె, బెండుపొడి కలిపి గోనెగుడ్డపై నొత్తిచేసిన లినోలియమును చెక్కునపుడు, తీసివేసిన చోటు తెలుపు, మిగిలిన చోటు నలుపు. నడుమ రాజీ లేదు. ఒకమారు తీసిన రేఖను తిరిగి నింపుట యసాధ్యము. అందుచేత చెక్కువాడు ప్రతి రేఖకును, ఇది లేక బొమ్మ నిలుచునా యని ప్రశ్నించుకొనవలయును. నిలిచినచో ఆ రేఖ అనవసరము. ఈ క్రూరమైన లెక్కనుండియే ముద్రణచిత్రపు మానవుడు పుట్టుచున్నాడు. అతడు సంక్షిప్తుడగుట ఫ్యాషనువలన గాదు, పనిముట్టు విధించిన నియమమువలన.

ఈ నియమమును వరముగ మార్చుకొన్న చిత్రమొకటి మన దేశమున నందఱెఱిగినదే. 1930వ సంవత్సరమున మార్చి 12వ తేదీన సబర్మతినుండి బయలుదేరి, ఏప్రిల్ 6వ తేదీన దండి తీరమున గాంధీజీ ఉప్పు చట్టమును ధిక్కరించెను. నడచిన దూరము సుమారు 240 మైళ్లు. ఆ యేటనే శాంతినికేతనమున నందలాల్ బోసు లినోలియముపై ‘బాపూజీ’ని చెక్కెను. నల్లని పఱపు, దానిపై కొన్ని తెల్లని రేఖలు, చేత కఱ్ఱ, ముందునకు పడిన యడుగు. అంతియే. వెనుక జనసమూహము లేదు, సముద్రము లేదు, ఎండలేదు, దుమ్ములేదు. అరువదియేండ్ల బక్కమనిషి దేహమున నున్న ముడుతలన్నియు లెక్కపెట్టి వ్రాసినచో ముసలితనము కనబడెడిది. నందలాల్ వానిని విడిచిపెట్టినందున నడక కనబడినది. కండలు చూపకయే బలమును చూపుటకు, వేగమును చూపకయే ఆగనితనమును చూపుటకు ఆ కొలది రేఖలు చాలినవి. దండియాత్రకు ఛాయాచిత్రము లెన్నియో కలవు. వానినుండి ఆనాటి వాస్తవమును తెలిసికొందుము. ఆ నడకను మనసున నిలుపుకొన్నది మాత్ర మీ చిత్రమువలననే.

చలనమును చిత్రించుటయే పరమార్థమని మేము చెప్పుటలేదు. ఇక్కడ నొక ప్రమాదము కలదు. 1909వ సంవత్సరమున ఇటలీలో మరినెట్టి ప్రకటించిన భవిష్యవాదము వేగమును దేవతగా కొలిచినది. ఆ నోటితోనే యుద్ధమును గూడ కీర్తించినది. యంత్రము పరుగులో మనిషి చితికిన నేమి, పరుగు సుందరమేగదా యను బుద్ధి యది. ఆ సంప్రదాయమునుండి నేర్చుకొని, దాని విషమును చాలవఱకు వడగట్టినవారు లండనులోని గ్రోవెనర్ పాఠశాల చిత్రకారులు. 1925లో స్థాపితమైన ఆ పాఠశాలలో క్లాడ్ ఫ్లైట్ లినోలియము చెక్కడమును నేర్పెను. సిరిల్ పవర్, సిబిల్ ఆండ్రూస్, లిల్ చూడి మున్నగువా రా పంథవారు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క దిమ్మ చెక్కి, నల్లని హద్దుగీత లేకయే రంగులను రంగులే పట్టుకొనునట్లు చేయుట వారి పద్ధతి. పవర్ 1930లో చెక్కిన ‘ది ఎయిట్’ అను చిత్రమున ఎనమండుగురు పడవపందెగాండ్రు పైనుండి కనబడుదురు. వారికి ముఖముల పోలికలు లేవు. వంగిన వీపులు, చాచిన తెడ్లు, ఒకే వంపు మరల మరల. ఒకే దేహము కాలములో ముందునకు జరుగుచున్నదా, పలువురు దేహము లొకే లయకు లోబడినవా యని చూపరికి తోచకపోవుటలోనే ఆ చిత్రపు కిటుకు కలదు. ఆండ్రూస్ చెక్కిన బొమ్మలలో బరువు లాగువారు, పడవను గట్టునకు చేర్చువారు కలరు. ఆ దేహములు కోణములుగ మారినను శ్రమ మాఱలేదు. వేగమున నున్న యాకర్షణ మంతయు శ్రమకు మఱలినచోట ఆ పద్ధతి మానవీయమైనది. యంత్రపు మెఱుపుతో ఆగినచోట అలంకారమైనది. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలయునని ప్రార్థన.

తెలుగువారికి ఈ విషయమున దూరదేశపు సాక్ష్యమే యక్కఱలేదు. చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించి, శాంతినికేతనమున నందలాల్ కడ చదివి, లండనులో హెన్రీ మూర్ వద్దను, పారిసులో జాడ్కిన్ వద్దను శిల్పము నభ్యసించి, హేటర్ నడిపిన ‘అతెలియే 17’ అను ముద్రణశాలలో ఆచార్యుడై, 2018లో న్యూయార్కులో కన్నుమూసిన కృష్ణారెడ్డి మనవాడు. ఒకే లోహపురేకునుండి, ఒకే ఒత్తిడిలో, పలురంగుల చిత్రమును తీయు పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యుడు. ఆ పద్ధతి వినుటకు సులభము, చేయుటకు దుర్ఘటము. రేకును శిల్పమువలె వేఱువేఱు లోతులకు చెక్కుదురు. సిరాలలో అవిసెనూనె పాలు హెచ్చించియు తగ్గించియు ఒకటి పలుచనగను ఒకటి చిక్కగను చేయుదురు. గట్టి రోలరు మిట్టలనే తాకును. మెత్తని రోలరు పల్లములకు దిగును. పలుచని సిరాపై చిక్కని సిరా అంటదు. ఆ వైముఖ్యమువలన రంగులు తమ తమ చోటుల నిలుచును. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూడుడు. అందు మనిషి లేడు; సుడియే కలదు. కాని రంగులు ఒండొంటిని త్రోసికొనిన తీరే నీటి తిరుగుడైనది. ఇక్కడ చలనము బొమ్మ గీతలో మాత్రమే లేదు, సిరా స్వభావముననే కలదు. 1968లో పారిసు వీథులలో విద్యార్థు లెదురు తిరిగినపుడు ఆయన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ను చెక్కెను. పిమ్మట 1980ల దశకమున సర్కసు విదూషకుని పట్టుకొని, ఆ దేహమును వలయములుగను కిరణములుగను విడదీసి, ఒకే రేకును పలురంగులలో మరల మరల అచ్చు తీసెను. నవ్వించుటకై తన్ను తాను తునుకలు చేసికొను మనిషి యెట్లు తిరుగునో ఆ రేకు చెప్పుచున్నది. 1972లో భారతప్రభుత్వ మాయనకు పద్మశ్రీ నిచ్చినది. మన పాఠశాలలో చదువుకొన్న పిల్లలలో ఆయన పేరు విన్నవారెందఱని మే మడుగుచున్నాము. సమాధానము మేము చెప్పనక్కఱలేదు.

రెండవ ఆక్షేపణకు వత్తము. సినిమా యున్నది, ఫోనున్నది, అన్నియు కదలుచున్నవి. కాగితపు భ్రమ యెందుకందురు. అయ్యా, సినిమాలోని చలనము గూడ భ్రమయే. సెకనుకు ఇరువదినాలుగు నిశ్చలచిత్రములు వరుసగ మెఱసినపుడు కన్ను వానిని కలిపికొనుచున్నది. భేదమిది: అక్కడ కలుపుటలో చూపరికి స్వాతంత్ర్యము లేదు, యంత్ర మెంత వేగమున త్రిప్పిన నంత వేగమున చూడవలసినదే. నిశ్చలచిత్రమున ఆ పని చూపరిది. అడుగెక్కడనుండి వచ్చినదో, ఎక్కడ పడబోవుచున్నదో అతడూహింపవలయును. కదలు బొమ్మ మనలను కూర్చుండబెట్టును. కదలకయే కదలించు బొమ్మ మనలను లేపును. కెటె కోల్విట్స్ 1902, 1903 సంవత్సరములలో చెక్కిన రైతుల తిరుగుబాటు చిత్రమున ముందు నిలిచిన స్త్రీ మనకు వీపే చూపుచున్నది. రెండు చేతులెత్తి జనమును ఉసిగొల్పుచున్నది. ఆమె ముఖమును మనమెన్నడును చూడము. ఆ చేతులకు బదులు పలుకుచు పరుగెత్తువారిలో మనమొకరమగుదుమా, గట్టున నిలిచి చూతుమా యను ప్రశ్న మాత్రము మనకు మిగులును. దినమంతయు వేలకొలది కదలు బొమ్మలను వ్రేలితో త్రోసివేయు కాలమున, ఒక్క బొమ్మయెదుట నిలిచి యిట్టి ప్రశ్న కెదురగుట యనవసరమా?

మూడవది నకలు మాట. ముద్రణచిత్రమునకు మూలము వేఱెక్కడనో దాగియుండదు. రేకు మూలము గాదు. అది బొమ్మకు గర్భము. కాగితమున కెక్కినదే బొమ్మ. పదిప్రతులు తీసినచో పదియును మూలములే. ఐనను ఈ ఆక్షేపణకు బలము చేకూర్చువారు విపణివీథిలో కలరు. తైలవర్ణచిత్రమును ఛాయాచిత్రము తీసి, యంత్రముచేత సిరాబిందువులు చల్లించి, అడుగున సంఖ్య వేసి సంతకము చేసి, ముద్రణచిత్రమను పేర విక్రయించుచున్నారు. అది చౌకగ అలంకరించుకొనుటకు పనికివచ్చును. అట్లని చెప్పి యమ్మిన తప్పులేదు. కాని చెక్కిన బొమ్మతో నొకే పేరు పెట్టుట మోసము. చెక్కిన రేఖ ఉలి వెడలిన దిక్కును, చేయి నొక్కిన బలమును, ఆగిన తావును తనలో నిలుపుకొనును. మొదట సన్నమై, నడుమ లావై, చివర తెగిన ఆ గీతయే చలనమునకు తొలి విత్తనము. చల్లిన చుక్కలకు పుట్టుక లేదు, దిక్కు లేదు. కావున అచ్చుబొమ్మ కదలదనువా రొకమారు తామెట్టి అచ్చును చూచితిమో విచారించుకొందురు గాక.

ఇక మన చిత్రకారులతో మా కలహము. మాటు లేక చెప్పెదము. పల్లెపడుచు, పెద్ద బొట్టు, చేప కన్నులు, భుజమున చిలుక. డోలు పట్టినవాడు, మేక, తాటిచెట్టు. ఈ సామగ్రి యొకప్పుడు కొందఱు ప్రతిభావంతులు పల్లెను దగ్గఱనుండి చూచి కనుగొన్నది. మెదకుసీమ నిజాంపురములో 1940లో పుట్టిన లక్ష్మాగౌడు తన యెచింగులలో పల్లెటి మనిషిని, పశువును, చెట్టును ఒకే కోరికచేత, ఒకే చీకటిచేత పెనవేసినపుడు ఆ గీతలలో వేడి యుండెను. వెనుక వచ్చిన యనుకర్తలు వేడిని విడిచి వేషమును పట్టుకొనిరి. వీరి పల్లెపడుచు కుండ నెత్తిన బెట్టుకొనియుండును. మెడకు బరువు తెలియదు. నాటు వేయుచుండును, నడుము నొవ్వదు. నృత్యము చేయుచుండును, పాదము నేలను త్రొక్కదు. పెద్ద హోటళ్ల హాళ్లలోను, కార్యాలయముల స్వాగతమందిరములలోను ఈ శ్రామికులు వరుసగ నిలిచి, చల్లగాలిలో చిఱునవ్వు నవ్వుచున్నారు. పనిచేయువాని దేహమునుండి పనిని తీసివేసి, రంగులు మాత్రము మిగిల్చి, పనిచేయించుకొనువాని గోడకు వ్రేలాడదీయుట: ఇదియేనా శైలి? దీనిని చూచి సామాన్యుడు, ఇది మనిషివలె లేదనినచో మేమాతనిని తప్పుపట్టము. వాని మాటలో లోప మున్నది గాని బాధలో లేదు. తన దేహమును తానక్కడ కానలేక పోయినాడు.

కావున శైలి రెండు విధములు. చేయుచున్న పనికై అవయవమును మార్చునది యొకటి. అమ్ముడుపోయిన అచ్చునకై మార్చునది రెండవది. మొదటిదానిలో ప్రతి బొమ్మకును వంకర వేఱు. రెండవదానిలో బొమ్మ లెన్నియైనను వంకర యొక్కటే. పరీక్షింపగోరువారికి మేము చెప్పు సాధనము లివి. బొమ్మలోని మనిషి బరువు ఏ కాలిపై నున్నదో చూడుడు. తెలియనిచో ఆ మనిషి నిలువలేదు, అతికింపబడినాడు. అతడీ క్షణమునకు ముందేమి చేసియుండును, తరువాత నేమి చేయును అని ప్రశ్నింపుడు; ఉత్తరము రానిచో అది మనిషి కాదు, ముగ్గు. చుట్టును విడిచిన చోటు ఆతనిని త్రోయుచున్నదా, ఊరక పడియున్నదా గమనింపుడు. కడపట, ఆ చేయి యంత సాగుటకు కారణ మా చేయి చేయు పనిలో కలదా యని యడుగుడు. ఈ ప్రశ్నలకు నిలిచిన బొమ్మ యెంత వికారముగ నున్నను మాకు శిరోధార్యము. నిలువనిది యెంత యందముగ నున్నను త్యాజ్యము.

కర్తవ్య మేమి? ప్రతి ఉన్నతపాఠశాలలోను చిత్రలేఖనపు గంటలో పటమును చూచి పటము నెత్తి వ్రాయించుట మాని, పిల్లలచేతి కొక లినోలియపు ముక్కయు, మొనగల ఉలియు నీయవలయును. ఇది గగనకుసుమము గాదు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ గత శతాబ్దారంభముననే బాలురచేత లినోలియము చెక్కించెను. 1930లో వెలువడిన రవీంద్రుని బాలవాచకము ‘సహజ్ పాఠ్’కు నందలాల్ లినోలియపు బొమ్మలే కూర్చెను, వంగదేశపు పసివాడు అక్షరముతోపాటు చెక్కిన గీతను గూడ నేర్చుకొనెను. మన వాచకము లట్టి బొమ్మల నేల ధరింపరాదు? అచ్చునకు పెద్దయంత్రమే యక్కఱలేదు. గరిటె వీపుతో రుద్దినను కాగితమున కెక్కును. కలంకారీ దిమ్మలు చెక్కు చేతులు మచిలీపట్టణ ప్రాంతమున నేటికిని కలవు. ఆ చేతులను బడికి పిలుచుట కేమి యడ్డము? చిత్రప్రదర్శనలు జరుపువారు చెక్కిన అచ్చును, యంత్రపు నకలును వేఱువేఱు పేర్లతో చూపవలయును. ధనము గలవారు హాలునకు సరిపడు రంగును వెదకుట మాని బొమ్మను వెదకవలయును. ధనము లేనివారి మాట గూడ మఱవరాదు. లినోలియపు చిత్రము సామాన్యుని వెలకు దొరకవలయునని ఫ్లైట్ కోరెను. రైతును, కూలీని, ఆకలిగొన్న బాలుని లినోలియమున చెక్కిన చిత్తప్రసాద్‌కును అచ్చుబొమ్మ జనుల కందు కళయే. పలుప్రతులు తీయుటకు వీలైన కళను, ప్రతులు తగ్గించి వెల పెంచుటకే వాడుకొనువారు ఆ కళ పుట్టువునకే ద్రోహులు.

మనిషి దేహము నెట్లు చిత్రింతుమో, ఆ దేహము నట్లే గౌరవింతుము. కదలని బొమ్మలను గోడలకు తగిలించుకొని, అవియే మన పల్లెలని, అవియే మన శ్రామికులని మురియుచుండుట కేవలము కళాలోపము గాదు. తోటిమనిషి కదలికను, అలసటను, ఎదురుతిరుగుటను చూడ నిచ్చగింపనితనము. ఆ యనిచ్ఛను విడిచిననాడు చేయి సాగిన బొమ్మను చూచి యెవ్వరును నవ్వరు. ఆ చేయి దేనికై సాగినదో చూతురు.